చక్రం నడిచే చోటు

జాతరకింకా తొమ్మిది రోజులు.
అయోధ్యా మైదానంలో బురద ఆరలేదు.
మునిసిపాలిటీ నుంచి స్కూటరు మీద వచ్చినాయన
కాయితం నా చేతిలో పెట్టి
"బండి రకం రాయమ్మా" అన్నాడు.
రెండే గడులు.
చెక్క. ఇనుము.

తలెత్తి చూశాను.
నలభై ఆరు మద్ది స్తంభాలు,
పార్వతీపురం డిపోలో మా నాన్న ఒక్కొక్కటీ
పిడికిలితో తట్టి, చెవి ఆనించి కొన్నవి.
అడ్డకర్రలు, ఏటవాలు కర్రలు,
సామిల్లు వాసన ఇంకా పోని మెట్లు.
ఆకులు రాల్చేసిన అడవి ఒకటి
గుండ్రంగా తిరిగి తిరిగి
తన తోక తనే వెతుక్కుంటున్నట్టు.
నెత్తి మీద మాత్రం
గరివిడి గౌరీసు వంచి అతికిన గొట్టాలు,
రెండు, నీలం రంగువి.

చెక్కకి టిక్కు పెట్టబోయాను.
"ఆగమ్మా. నిలబెట్టిందేదని కాదు లెక్క,
చక్రం దేని మీద నడుస్తాదో అదీ.
అసలైన చెక్కబండికి
పలక మీద పలక, ఏడెనిమిది పొరలు,
మేకులు దిగ్గొట్టి దారి వేస్తారు,
పైన సన్నటి ఇనప పట్టీ.
కింద స్తంభాలన్నీ ఇనుమైనా
అది చెక్కబండే."
"మరి ఆ పట్టీ?"
"పట్టీ లెక్కలోకి రాదు"
అన్నాడు, కొంచెం ఆలస్యంగా.

స్తంభం వెనక నుంచి మా నాన్న వచ్చాడు.
సన్యాసాచారి. చిన్నప్పుడు గొల్లపల్లిలో
వీణలు తొలిచేవాళ్ళ ఇంట్లో
చెక్కుపొట్టు ఊడ్చినవాడు.
"బావూ, ఒకటే పనస మాను.
కుండైనా దండైనా అదే.
దండి మీద మైనం, మైనంలో ఇత్తడి మెట్లు,
మెట్ల మీద తీగ,
ఏలు నడిచీది ఆ తీగ మీదే.
మీ లెక్కలో వీణేటి?
ఇనుమా?"

ఆయన నవ్వలేదు.
"రెండూ కలిసినదాన్ని హైబ్రిడ్ అంటారు, పెద్దాయనా,
మన మొక్కజొన్న విత్తనాల్లాగ.
ఈ కాయితంలో ఆ గడి లేదు."
ఇనుముకి టిక్కు పెట్టి, స్టాంపు కొట్టి,
స్కూటరు మూడుసార్లు తన్నితే గాని కదల్లేదు.

మధ్యాహ్నం నాన్న అన్నం తినలేదు.
గౌరీసు బీడీ ముట్టించి
"నానేటి రాయమన్నానా మావా"
అంటూనే ఉన్నాడు,
ఎవరూ అడక్కుండానే.

రాత్రి వాన.
తెల్లారి అయిదింటికి స్పానరు పట్టుకుని ఎక్కాను,
రోజూ ఎక్కినట్టే.
గొట్టం నిన్నటిలాగే ఉంది.
చల్లగా, నున్నగా,
అడిగినా ఏమీ చెప్పని మనిషిలా.
స్తంభాలే మారాయి.
నీళ్ళు తాగి ఒళ్ళు చేశాయి.
నిన్న వదులైన బోల్టులు
ఇవాళ నా మణికట్టుకి లొంగలేదు.
పదిహేడో స్తంభం, తడితే టక్కుమనేది,
బరువుగా, లోపలికెక్కడికో, దుమ్మంది.

ఇసకబస్తాలు వేసి బండి వదిలేముందు
నాన్న ముందు పెట్టెలో కూచున్నాడు.
అంతవరకు ఎప్పుడూ ఎక్కనివాడు.
పైకి పోతుంటే గొలుసు టకటక,
తర్వాత ఏ చప్పుడూ లేదు,
తర్వాత అడవి అడవంతా ఒకేసారి మూలిగింది.

దిగాడు. పంచె సర్దుకున్నాడు.
"గౌరీసూ, నీ గొట్టం ఊగలేదురా.
ఊగినాది నా కర్ర."
పొగిడాడో తిట్టాడో తెలీక
గౌరీసు ఊరికే నవ్వాడు.
"పదిహేడో కాడ గలగలమంటంది" అన్నాడు నాన్న.
కర్ర మెలి తిరిగి, ఇనప బిగింపుకీ దానికీ మధ్య
కాయితమంత సందు.

కాయితమే అడిగాడు.
ఒరిజినలు కాదు, కార్బను కాపీ.
"టిక్కేదే?" చూపించాను.
దాని మీద బొటనవేలు కాసేపుంచి,
నాలుగు మడతలు పెట్టి, ఇంకో రెండు పెట్టి,
ఆ సందులో దూర్చి
సుత్తి పిడితో మెల్లిగా కొట్టాడు.

మళ్ళీ బండి వదిలాం.
పదిహేడో దగ్గర
ముగ్గురం చెవులు రిక్కించి నిలబడ్డాం.