మూడు మీటర్లు

డబ్బా మీద రాసుంది:
మూడు మీటర్ల లోతు దాకా వాడొచ్చు,
ఆపైన నీళ్లు చొరబడితే
బాధ్యత మాది కాదు.

నాంచారయ్య బాబాయి చదివించుకుని
"మూడంటే ఎన్నడుగులు రా?"
పది.
"ఓస్, అంతేనా" అని చుట్ట ఆర్పేశాడు.

రైలు వంతెన నీడలో పడవ ఆపాం.
ముప్పై ఏళ్లు తాడుకి అయస్కాంతం కట్టి
ఈ కృష్ణని గాలించిన మనిషి.
ఉక్కు రూపాయలు ఎగబడి అంటుకునేవి.
రాగీ వెండీ మాత్రం
పిలిస్తే పలికేవి కావు,
వాటికోసం మునిగేవాడు.
ఒక వేసవిలో, ఇరవై రెండడుగుల కింద
ఎడమ చెవిలో టప్‌మంది.
ముక్కుపుడకతో పైకొచ్చాడు.
ఆ రాత్రి నుంచీ
కుడిచెవి దిండుకి ఆనిస్తే
పిన్ని తిట్లు వినబడవట.

ఇద్దరం మునిగాం.
తొమ్మిదడుగుల దగ్గర, బురద అంచున, మిషన్ మోగింది.
ఆయనకది వినబడదు.
పిడి మీద అరచెయ్యి వేసి
నాడి చూసినట్టు చూశాడు.
నేను వేలితో కెలికానో లేదో
అదేదో వాలులోకి జారింది,
మోత సన్నబడి, ఆరిపోయింది.

నేను ఆగాను.
దీని మీద ఇంకా ఐదు వాయిదాలున్నాయి.
బాబాయి ఆగలేదు.
ఆయన ఒంటిమీద ఎవరూ ఏ లోతూ రాయలేదు.

నల్లటి నీళ్లు.
మూగ మిషను.
నా గుండెలో గాలి అయిపోవస్తోంది.
పైకి పోదామని కాలు విదిల్చేలోపు
ఒక్కసారిగా మోగింది,
చక్రం కిందికి వచ్చిన
బాబాయి పిడికిలికి.