మూడువేలా ఒకటి

ఉత్స్‌యోకి దాటి ఉత్తరాన, సూర్యుడు
నవంబరులో సెలవు పెట్టి సంక్రమణం దాటాక గానీ కొలువుకి రాని చోట
కొండమీది గుడిసెకు కాపలావాణ్ణి నేను.
తూలిక్కి వచ్చింది, గడ్డి ఎలుకల్ని లెక్కపెట్టడానికి.
సెప్టెంబరు ఆఖరు. ఉచ్చులన్నీ తీసేశాం.
తడిసిన మేజోళ్ళు పొయ్యి పైన ఆరేసి
"నీలాస్, నీ కాలిక్యులేటర్ ఇలా తే" అంది.
రెయిన్‌డీర్ మాంసం బేరాలప్పుడు తప్ప
అది నా జేబు దాటి ఎరగదు.

"కొండ నిండితే పదివేల ఎలుకలనుకో. అది ఒకటి.
ఈ ఏడు మూడువేలు. అంటే సున్నా పాయింట్ మూడు.
ఉన్నదాన్ని ఒకటిలోంచి తియ్యి, మిగిలింది ఖాళీ చోటు.
ఉన్నదాన్ని ఆ చోటుతో హెచ్చవెయ్యి,
ఆపైన రెండుతో. వచ్చిందే పై ఏడు.
మళ్ళీ దానితో మొదలుపెట్టు."

అంతే. అంతకన్నా మంత్రం లేదు.

రెండుతో అయితే
నాలుగేళ్ళకే సగం దగ్గర చతికిలబడింది సంఖ్య,
నాచు దొరికిన ముసలి రెయిన్‌డీర్‌లా, అదిలించినా లేవదు.
మూడుంబావుతో అయితే
ఒక ఏడు కిక్కిరిసి, ఒక ఏడు పలచబడి.
ఇది మా అమ్మకీ తెలుసు:
నక్కలు బలిసిన ఏడు, నక్కలు ఎండిన ఏడు.

"ఇప్పుడు నాలుగు."

ఆమె మూడువేలతో. నన్ను మూడువేలా ఒకటి కొట్టమంది.
"ఒక్క ఎలుకే కదా" అన్నాను.
ఆమె నవ్వలేదు.
మూడో ఏటి దాకా మా అంకెలు కవల పిల్లలు.
ఏడో ఏట తొంభై అయిదు ఎలుకల తేడా, సరే, పోనిద్దాం.
పదో ఏట ఆమె కొండమీద నాలుగు వందల చిల్లర,
నా కొండమీద వంద కూడా లేవు.
పద్నాలుగో ఏట ఆమెవి అయిదు వందల లోపు;
నా కొండ పదివేలతో కిటకిట,
కాలు మోపితే తోక మీదే.
మురిసిపోయి ఇంకొక్కసారి నొక్కాను.
సున్నా. దాని పక్కన సున్నాలు.

పాచికలు వెయ్యలేదు. ఎవరూ శపించలేదు.
ఇద్దరిదీ ఒకటే లెక్క, ఒకటే వరుస.
"దీన్ని కేయాస్ అంటారు" అంది, చెక్క కప్పులో కాఫీ ఊదుకుంటూ.
ఆ మాటకి అర్థం సంతగోల అనుకునేవాణ్ణి.
ఇదెక్కడి గోల,
ప్రతి అడుగూ చెప్పినట్టే వేసి
చెప్పని చోట తేలేది?

"మరి నియమం అబద్ధమా?"
"నియమానికేం, నిక్షేపంలా ఉంది. మూడువేలే అని
ఒట్టు పెట్టగలిగేది ఎవరు చెప్పు" అని
పుస్తకంలో మూడువేలు రాసి
కింద రెండు గీతలు గీసి పడుకుంది.

ఆమెతో అనని మాట ఒకటుంది.
పిండి బస్తా వెనక మొన్నటినించి
ఒకటి కాపురం ఉంటోంది. ఎడమ చెవి చిరిగింది.
ఏ ఉచ్చులోనూ పడలేదు.
కుక్కకీ తెలుసు, అదీ చెప్పలేదు.

లేపుదామనుకున్నాను.
పెన్సిల్ అక్కడే ఉంది, రబ్బరు కూడా.
చీకట్లో కరకర.
రొట్టె అంచు కాస్త తుంపి
బస్తా వెనక్కి విసిరి
నేనూ దుప్పటి లాక్కున్నాను.