నీటి మీద గీత

మండలాఫీసు నుంచి కాగితం వచ్చింది:
ప్రతి శనివారం, పంచాయతీ ఆవరణలో,
పిల్లలకు ప్రపంచ పౌరసత్వ విద్య, రెండు గంటలు.
ఫోటోలు జతపరచవలెను.

నవ్వొచ్చింది.
తెప్పలవానిపేట పంచాయతీకి ఆవరణే లేదు.
ఒక గది, ఒక బీరువా, ఆ బీరువాకి తాళం నేను.
కుళాయి పన్ను రసీదుల కింద పెట్టి మర్చిపోయాను.
రెండో కాగితం ఎర్ర సిరాతో వచ్చింది.

తుపాను షెల్టరు గోడ ఖాళీగా ఉంది.
వాటర్ ట్యాంకుకి పూయగా మిగిలిన నీలం డబ్బా ఒకటుంది.
సైన్సు మేష్టారు సుగుణాకర్ ఖండాలు గీశాడు,
పిల్లలు సముద్రాలు పూశారు.
పసిఫిక్ సగంలో రంగైపోయింది.
మిగతా సగం ఇప్పటికీ సున్నమే.

ప్రపంచాన్ని వాళ్లకి నేర్పుదామనుకున్నాం.
వాళ్లు ఇంటి దగ్గర్నుంచే పట్టుకొచ్చారు:
వెరావల్ డబ్బు ఏ తారీఖుకి అందుతుందో తెలిసిన ఎనిమిదేళ్లవాడు,
ఫోన్లో బాబాయి గొంతు విని
మస్కట్‌లో ఎండెంతో చెప్పే పిల్ల,
వలలో చేపకి బదులు పడ్డ సీసా మీది
తెలియని లిపిని వేలితో దిద్దేవాడు.

ఏడో తరగతి నూకరత్నం
గుజరాత్ పక్కన బ్రష్షు ఆపేసింది.
"ఎవులు గీసినారు సార్, నీటి మీద గీత?
నీటి మీద రాత నిలవదంటారు గదా,
మరి మా అయ్యని పదమూడు నెల్లు
పరాయి దేశం జైల్లో ఎలాగ నిలబెట్టీసింది?
గీసినోలు మా అయ్యని ఓపాలి అడిగినారా?"

మేష్టారు నా వైపు చూశాడు.
నేను పసిఫిక్ వైపు చూశాను.

గీతలు ఎవరు గీస్తారు, ఎవరిని అడిగి?
ఆ ప్రశ్న పట్టుకుని నాలుగు శనివారాలు దేశాలు తిరిగారు.
తిరిగి తిరిగి
పీత బొరియలోకి దూరినట్టు సొంతూళ్లోకి దూరారు.
కుళాయి గొట్టం రామమందిరం దాటి, ఐసు గది దాటి
రెల్లివీధి మొగదల ఆగిపోయిన చోట
చాక్‌పీసుతో అడ్డంగా గీశారు.
"ఇదీ సరిహద్దే సార్."
పాసుపోర్టు లేకుండా రెండు బిందెలతో
రోజూ దాన్ని దాటే మారెమ్మ
ఆగి చూసింది. ఏమీ అనలేదు.

తర్వాత గ్రామసభ పుస్తకం చూపించమన్నారు.
బీరువా తీశాను.
నూకరత్నం పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.
"తొంభై రెండు మంది వొచ్చినట్టుంది.
ఆ దినం మాం అరుగు మీదే ఆడుకున్నాం సార్,
పదకొండు మందే కూకున్నారు.
మిగిలిన ఏళ్లు ఎవులివి?"

ఇంటింటికీ తిరిగి
చేపలు కోస్తున్న చేతులు కడిగించి
ఇంకుప్యాడు మీద అద్దించింది నేనే.
"ఏటి బాబూ ఇది?" అని దానమ్మ అడిగితే
"ఏం లేదమ్మా, నీ మంచికే" అన్నదీ నేనే.
పదహారేళ్ల సర్వీసులో
ప్రజాస్వామ్యాన్ని నేను బొటనవేలంతే చూశాను.

అక్టోబరు రెండున
పిల్లలు పళ్లేలు వాయించుకుంటూ వీధులన్నీ తిరిగారు.
ముప్పై ఏడుగురు వచ్చారు.
ముప్పై ఏడే రాశాను. సర్పంచి నా చెవిలో ఏదో అన్నాడు,
సముద్రం హోరులో వినపడలేదనుకోండి.
మారెమ్మ బెంచీ చివర కూర్చుంది,
ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా.
పోయినేటి తీర్మానాలు పైకి చదివాను.
ఊరు మొదటిసారి విని, తిట్టింది.
గొట్టం దగ్గర గొడవ దీపాలు పెట్టే వేళ దాకా సాగింది.
"డబ్బుల్లేవు."
"ట్యాంకుకి రంగులెయ్యడానికి ఎలాగొచ్చినాయి?" అంది దానమ్మ.
తేలలేదు. వాయిదా.
ఎవరూ మారెమ్మని లెమ్మనలేదు. అదొక్కటి
ఏ కాలమ్‌లో రాయాలో తెలియలేదు.

ఫోటోలు పంపాను. మండలం నుంచి జవాబు:
పటము అసంపూర్ణముగా నున్నది, పూర్తి చేయగలరు.
నీలం డబ్బాకి బిల్లు పెడదామంటే
నూకరత్నం ఒప్పుకోవడం లేదు.
"ముందర గొట్టం సార్.
పసిఫిక్ ఎక్కడికీ పోదు."