మూడో కాటా

క్లైపెడా రేవులో ధాన్యం టెర్మినల్,
మూడో నంబరు కాటా.
పొద్దున ఆరింటికి డ్యూటీ దిగుతూ రిమ్‌గౌదాస్
మూసెయ్ బటన్ నొక్కుతాడు.
తెర తెల్లబోతుంది,
కిటికీ మాత్రం మూసుకోదు.
టీ కప్పు కడుక్కుని వచ్చి చూస్తాడు,
ఎక్కడి గొంగళి అక్కడే.
ఇక వంగి బల్ల కింద ప్లగ్గు పీకేస్తాడు.

పదకొండు రోజులు పీకాడు.
పన్నెండో రోజు
షౌలేయ్ నుంచి ఇరవై నాలుగు టన్నుల బార్లీ
కాటా ఎక్కింది, దిగింది,
లెక్కలోకి ఎక్కలేదు.
రసీదు కోసం చాపిన డ్రైవరు చేతిలో
మంచు పడుతోంది.

అందుకని నన్ను పిలిచారు.

పందొమ్మిదేళ్ళ కిందటి కోడు.
రాసిన వైదోతాస్ ఇప్పుడు
యువద్‌క్రాంతేలో పడవలకి రంగులేస్తున్నాడట,
ఫోన్ ఎత్తడు.
క్లాసు పేరు తూకందారు.
పుట్టీ పుట్టగానే తనలోంచి ఒక పోగు తీసి
పక్కన కూర్చోబెడుతుంది.
గియా అంటాం మేము,
మగ్గం మీదున్నా, యంత్రంలో ఉన్నా అదే మాట.

దాని బతుకెంతని!
గుమ్మం దగ్గర కూచుంటుంది.
చీటీ వస్తే విప్పి చదివి చెప్పింది చేస్తుంది,
మళ్ళీ గుమ్మం.
చీటీ లేకపోతే నిద్ర,
ప్రాసెసరు మీద ఈగ వాలినంత బరువైనా ఉండని నిద్ర.
కాటా చదువు. సున్నాకి తే. అచ్చు కొట్టు.
ఎన్ని పోగుపడ్డా వచ్చిన వరసలోనే,
ముందొచ్చిన లారీకి ముందు తూకం.

మరెక్కడ చిక్కుపడింది?

రాత్రి రెండున్నరకి దొరికింది.
మూసెయ్ అనగానే కిటికీ
పోగు ముందు బైఠాయిస్తుంది:
నువ్వు ముగించేదాకా నేను కదలను.
సరిగ్గా అప్పుడే పోగు
ఆఖరి తూకం చేతపట్టుకుని కిటికీ తలుపు కొడుతోంది:
ఇది రాసుకుని సరేనను, అన్నాకే వెళ్తాను.
బైఠాయించినవాళ్ళకి తలుపు చప్పుడు వినపడదు.
ఇద్దరూ మర్యాదస్తులే,
ఇద్దరి మధ్యా ఇరవై నాలుగు టన్నులు.

చంపెయ్యొచ్చు కదా, అన్నాడు ఫోన్‌లో మేనేజరు.
ఒక్క లైను.
ఆ లైను ముందే ఉంది,
వైదోతాస్ రాసి కొట్టేశాడు.
పక్కన తేదీ, ఒక వ్యాఖ్య:
"ఒకసారి చంపాను.
తాళంచెవి దాని గుప్పిట్లోనే ఉండిపోయింది.
ఆ రోజంతా ఏ గదీ తెరుచుకోలేదు."

అది చదివి చాలాసేపు ఊరికే కూచున్నాను.
కిటికీ బయట క్రేన్లు.

మార్చింది కొంచెమే.
పోగు ఇక జవాబు కోసం నిలబడదు,
తూకం కిటికీ పెట్టెలో వేసి తన గుమ్మానికి వచ్చేస్తుంది.
ముగించు అన్నది కూడా ఒక చీటీయే ఇప్పుడు,
వరసలో అందరి వెనకా నిలబడే చీటీ.
కిటికీ చెవులు మూసుకోదు,
వచ్చింది వచ్చినట్టు తీసుకుంటూనే ఎదురుచూస్తుంది.
పోగు వెళ్ళాను అన్నాకే తూకందారు వెళ్ళాలి,
నడిచేవాడి కాళ్ళకింద నేల లాగెయ్యకూడదు.

పొద్దున ఆరు.
రిమ్‌గౌదాస్ బటన్ నొక్కాడు,
అలవాటుగా అప్పటికే వంగిపోయాడు,
ప్లగ్గు మీద చెయ్యి.
ఆగు, అన్నాను.
ప్రింటరు గొంతు సవరించుకుని
ఆఖరి రసీదు బయటికి తోసింది.
కిటికీ మూసుకుంది.

అయిపోయిందా, బల్ల కింది నుంచే అడిగాడు.
అయిపోయింది.
మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి,
లేవడానికి టైము పట్టింది.
నేను ఆగాను.