ఉప్పుగని, మూడో అంతస్తు

ఆదివారం. పిండిమిల్లుకు సెలవు.
చెవుల్లో ఇంకా రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి.
గళ్ల నోటుబుక్కు తెరిచి తేదీ వేశాను,
ఆట పేరు రాశాను: ఉప్పుగని.
ఇది నా నూట పద్నాలుగో సమీక్ష.
చదివేవాడు ఒక్కడే, తివదార్.
మిల్లులో నా పక్కన బస్తాలు కుడతాడు.
మార్కులు మాత్రం చూసి తిరిగిచ్చేస్తాడు.

ముందు టేపురికార్డరును బుజ్జగించాలి.
హెడ్డు పక్కనున్న మరను
వెంట్రుకవాసి తిప్పితే
గరగర కాస్తా కీచు అవుతుంది.
ఆ కీచులోనే ఉంది గనంతా,
దీపం పట్టుకున్న మనిషీ, గబ్బిలాలూ, నిచ్చెనలూ.
మిలేవా లేచి వెళ్లి తలుపేసుకుంది.
పన్ను పీకించుకుంటున్నట్టు ఉంటుందట.

ఎనభై ఆరులో ఈ ఆట గాలిలో వచ్చింది.
రాత్రి పదిన్నరకు రేడియోలో ఒకాయన
"ఇప్పుడు రికార్డు నొక్కండి" అన్నాడు,
ఆ తర్వాత నాలుగు నిమిషాలు
నోవి సాద్‌లో సగం ఇళ్లల్లో అదే కీచు.
మాకు తీగ లేదు, మైకు ఉంది.
స్పీకరు ముందు మైకు పెట్టి
నేనూ చెల్లెలు రుజిత్సా
ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.
మూడో నిమిషంలో
రుజిత్సా తుమ్మింది.

తుమ్మితే ఊడే ముక్కంటారే,
మా గనికి ఆ రాత్రి ఊడింది మూడో అంతస్తు.
రెండంతస్తులు దిగి నిచ్చెన పట్టుకోగానే
తెర నల్లబడేది. పచ్చ గీతలు. మళ్లీ మొదలు.
వారం రోజులు దానితో మాట్లాడలేదు.
లెక్కల పుస్తకం వెనక నా మొట్టమొదటి సమీక్ష:
బొమ్మలు ఐదు. శబ్దం మూడు. రుజిత్సా సున్నా.

పోయిన వారం సంతలో
పాత బూట్లకూ మాడిపోయిన బల్బులకూ మధ్య
అచ్చు అట్టతో సహా దొరికింది,
తుమ్ము లేని టేపు.
మూడు వందల దినార్లు. బేరమాడలేదు.

దిగాను.
వేళ్లు మొద్దుబారాయి గానీ మరిచిపోలేదు,
రెండో గబ్బిలం ఎడమకు తిరిగేదాకా ఆగాలి,
దూకే ముందు ఒక్క అడుగు వెనక్కి వేయాలి.
ఐదు ప్రాణాల్లో నాలుగు దారిలోనే పోయాయి.
ఐదోదానితో నిచ్చెన పట్టుకున్నాను.
తెర నల్లబడలేదు.

నీలం గోడ. ఒక తోపుడుబండి.
బండిలో ఏమీ లేదు.
అటు నడిచాను, ఇటు నడిచాను.
గబ్బిలాలు లేవు, తలుపు లేదు.
చేసినవాడికి జాగా అయిపోయి ఉంటుంది,
లేదా తెల్లవారిపోయి ఉంటుంది.
మూలన చిన్న అక్షరాలు:
ఇక చాలు, పడుకోండి.

సుబోతిత్సాకు ఫోన్ చేశాను.
అది అక్కడ పశువుల డాక్టరు. వెనక ఏదో ఆవు.
"మూడో అంతస్తులో ఏమీ లేదే" అన్నాను.
"ఏ ఇంట్లో?"
చెప్పాను. తుమ్ము దగ్గరికి వచ్చేసరికి
నవ్వింది, ఆవు కూడా ఊరుకునేంతసేపు.
"వుకాషిన్, తుమ్మింది నువ్వు.
నేను రెండు వేళ్లతో ముక్కు పట్టుకుని ఉన్నాను.
పట్టుకోమన్నదీ నువ్వే."

బీరువా పైనుంచి పాత టేపు దించాను.
కంప్యూటరుకు కలపకుండా
ఊరికే విన్నాను.
కీచు, కీచు, మూడో నిమిషం,
హాచ్.
వెనక్కి తిప్పాను. హాచ్.
పిల్లగొంతు. అంతవరకే తెలుస్తోంది.
ముప్పై తొమ్మిదేళ్ల కిందటి తుమ్ముకు
మీసమూ లేదు, జడా లేదు.

కిటికీలోంచి కోట గడియారం.
మా దగ్గర పెద్ద ముల్లు గంటలు చెబుతుంది,
చిన్నది నిమిషాలు,
డాన్యూబ్ మీది పడవవాళ్లకు దూరం నుంచి కనబడాలని.
కొత్తగా వచ్చినవాళ్లు రైళ్లు తప్పిపోతుంటారు.
నేను ఇక్కడే పుట్టాను.

బొమ్మలు ఐదు, రాశాను.
శబ్దం దగ్గర పెన్ను ఆగింది.
రేపు తివదార్ అడుగుతాడు. అడగనీ.
ఇంకోసారి వెనక్కి తిప్పాను.
హాచ్.
చిరంజీవ, అన్నాను,
ఎవరికైతేనేం.