గొలుసు కళ్లు

మా మండలం పటంలో నక్కల వంక
పొలిమేర రాయి దాకా వచ్చి ఆగిపోతుంది.
నీలం గీత. దాని అవతల కాగితం తెలుపు.
నీళ్లు అక్కడికక్కడే ఇంకిపోయినట్టు,
లేదా మా తహసీల్దారుకు భయపడి నిలబడినట్టు.

పూతలపట్టు వాళ్ల పటంలో ఒక ఎర్రవంక ఉంది.
అది ఎక్కడా పుట్టదు.
అంచు మీద ఉన్నట్టుండి మొదలై
చెరుకు కయ్యల నడుమ చెరువుకు పోతుంది.

నూరేళ్లు ఆ రెండు కాగితాలూ
రెండు బీరువాల్లో పడుకున్నాయి.
మధ్యలో ఉన్నదల్లా పట్టుమని పన్నెండు కిలోమీటర్ల తారు రోడ్డు,
ఒక రైలు గేటు,
మొన్నటి నుంచి ఒక జిల్లా సరిహద్దు కూడా.

కార్తీకంలో తుఫాను కురిసినప్పుడు
మేం పూడిక తీసిన వంక
వాళ్లు పూడ్చి రోడ్డేసిన చోటికి చేరింది.
ఎవరి రికార్డూ తప్పు కాదు.
రెండు పంచాయతీల తీర్మానాలూ సంతకాలతో సహా సక్రమం.
పదారెకరాల చెరుకు మాత్రం పడుకుంది.
గానుగ కాడి బెల్లం పెనం కొట్టుకుపోయి
మూడో రోజు మామిడి తోపులో బోర్లా దొరికింది.

అప్పుడు పైనుంచి ఉత్తర్వు:
పటాలు పంచుకోండి.

హంసవేణి ఆ పక్క సచివాలయం సర్వేయరు.
నాలుగు రోజులు పాస్‌వర్డు కోసం,
రెండు రోజులు నెట్‌వర్కు కోసం చూసి చూసి
చివరికి పెన్‌డ్రైవు చున్నీ కొసన ముడేసుకుని
స్కూటీ మీద తనే వచ్చింది.
పాకాల ఆఫీసులో, ఫ్యాను తిరగని గదిలో
ఆమె ఊళ్లను నా ఊళ్ల పక్కన పరిచాం,
విస్తరి అంచుకు విస్తరి ఆనించినట్టు.

ఆనలేదు.

మధ్యలో సన్నటి తెల్ల చీలిక.
పెద్దది చేసి చూస్తే పన్నెండడుగుల వెడల్పు,
పొడవు నాలుగు ఫర్లాంగులు.
ఏ ఊరిదీ కాదు, ఏ ఖాతాలోనూ లేదు.
ఇంకొన్ని చోట్ల ఊళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి కూచున్నాయి,
ఒకే బస్సు సీటు మీద రెండు తువ్వాళ్లు పడ్డట్టు.

చైన్‌మాన్‌గా రిటైరైన చెంగల్రాయుణ్ణి అడిగాం.
నోట్లో ఆకూవక్కా సర్దుకుని నవ్వాడు:
"ఎప్పటి గొలుసులు నాయినా అవి.
లాగీ లాగీ కళ్లు సాగిపోతాయి.
ఈ పక్క కొలిచింది కొత్త గొలుసు,
ఆ పక్కది ముసిలి గొలుసు.
భూమి సక్కంగానే ఉండాది.
ఇనుమే అలిసిపోయినాది."

రోవరు భుజాన వేసుకుని ఆ చీలికలోకి నడిచాం.
పద్దెనిమిది ఉపగ్రహాలు మమ్మల్ని వెంటనే పట్టుకున్నాయి.
ఇన్నేళ్లూ కుప్పమ్మను ఒక్కటీ పట్టుకోలేదు.
మేకల దొడ్డి, రెండు సీతాఫలం చెట్లు,
రాతికూసాల మీద రేకు.

"పాకాలకు పోతే పూతలపట్టుకు పొమ్మన్యారు.
ఆడికి పోతే పాకాలకు పొమ్మన్యారు.
నా చెప్పులు అరిగినాయి గానీ
అర్జీ అరగలా."
మేకపిల్లను చంకలో సర్దుకుని స్క్రీన్లోకి తొంగిచూసింది.
"ఇందులో నేను యాడుండా?"

హంసవేణి వేలు పెట్టి చూపించింది, తెలుపు మీద.

"ఏ రంగన్నా ఎయ్యండి తల్లీ.
తెల్లగా మాత్రం ఇడిసిపెట్టొద్దు."

వంకకు పేరు రాయాలి. ఉన్నది ఒకే గడి.
గంట వాదించుకుని
రెండు పేర్లూ కొట్టి నడుమ అడ్డగీత పెట్టాం.
సాఫ్ట్‌వేరు అడ్డగీతను ఒప్పుకోదట.
ఫైలు ఇంకా పైనే ఉంది.

రాత్రి పదిన్నరకు వాన అందుకుంది.
పటం తెరవలేదు, ఫోను చేశాను.
"ఇక్కడ రాయి మునిగింది. నడుము లోతు."
అవతల కాసేపు వాన చప్పుడే.
"మా దాకా రావడానికి ఇంకో గంట," అంది హంసవేణి,
"కల్వర్టు కింది ఇళ్లవాళ్లను లేపుతున్నా.
కుప్పమ్మ?"

"మేకలతో సహా బడిలో ఉంది.
ఒకటి తక్కువ వస్తోందంట.
మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతోంది."