అడుగుతోలు

కాజీపేటల దిగిండ్రు యూనియన్ మిలట్రీ.
నూటా పదారు మంది.
మనుషుల్ని చూసి చెప్తలేను ఈ లెక్క,
బూట్లను చూసి చెప్తున్న.
రెండు వందల ముప్పై రెండు.
అండ్ల నలభై దాకా అప్పటికే నోరు తెరిచినయి.

"ఓదెలు నువ్వేనా? చలో" అన్నడు సుబేదారు.
మట్టెవాడల గుడిసె తడక పెట్టి
ఆరె, రాంపె, మైనపు ముద్ద
గోనెసంచిల ఏసుకున్న.
కూలెంత అని అడుగుడు మనకు రాదు.
దొర పిలిచినా గట్లనే పోయినోళ్లం.
సర్కారు మారింది, పిలుపు మారలే.

హన్మకొండ, ఆత్మకూరు, ములుగు.
పగలు వాళ్లు నడుస్తరు, నేను సామాన్ల బండెన్క.
రాత్రి వాళ్లు పంటరు, నేను కుడుత.
లాంతరు కాడ బూటు లోపల చెయ్యి పెడితె
ఇంకా ఉడుకుంటది,
అప్పుడే పుట్టిన దూడ నోరు తీర్గ.

మడిమె బయటికి అరిగితె వాడు కొండలల్ల పెరిగినోడు.
ముందర అరిగితె తొందరపాటు మనిషి.
రెండూ సమంగ అరిగినోడు ఒక్కడే,
వంటోడు, నిలబడి నిలబడి.
వాళ్ల భాష నాకు రాదు. తోలు భాష సరిపోయింది.

మల్ఖాన్ అని ఓ పిలగాడు,
మీసాలింకా సరిగ రాలే.
బూటు ఇడిచి రెండు చేతుల్తోని ఇచ్చేటోడు.
మాదిగోని చేతికి రెండు చేతుల్తోని ఇచ్చినోణ్ని
అంతకుముందు నేను జూడలే.
వానికి రెండు కుట్లు ఎక్కువనే ఏసేది.

పస్రా దాటినంక అడివి.
టేకాకుల మీద నడిస్తె
కాయితాలు చింపినట్టు సప్పుడు.
యుద్ధమని ఎవ్వలూ అనలే.
యుద్ధమైతె ఎదురుంగ ఎవడన్న కనపడాలె గద.
మాకు సల్లారిన పొయ్యిలే కనపడ్డయి,
ఓ కాడ సగం తిన్న మక్కకంకి.

తాడ్వాయి ఇవతల వాగు ఇసుకల
అడుగులు దొరికినయి, నలుగురివి.
నన్ను పిలిచిండ్రు. దుబాసీ అన్నడు,
"చెప్పులు కుట్టేటోనివి గదా, చూసి చెప్పు."
వంగిన.
మూడు ఉత్త కాళ్లు.
నాలుగోది నా చెప్పు.

మడిమె కాడ అయిదు మేకులు, ఎడమదిక్కుది వంకర.
గా మేకు కొట్టిన దినం యాదికున్నది,
బొటనేలు నలిగి నాలుగు రోజులు అన్నం ఎడమచేత్తోని తిన్న.
పత్తిపాక తిర్మలాలు పెండ్లికి కుట్టిన జత.
కుంచెడు జొన్నలిస్తనన్నడు, సగమే ఇచ్చిండు.

"మేకలోళ్లయి" అన్న.
లేచేటప్పుడు నా కాలు ఆ మడిమె మీదనే పడ్డది.
పడ్డదా, పెట్టిననా,
ఇయ్యాల్టికీ చెప్పలేను.
సుబేదారు నా దిక్కు చాన్సేపు చూసిండు.
వాగు నీళ్లు సల్లగున్నయి.

ఏటూరునాగారంల మల్ఖాన్ పోయిండు.
తుపాకి తోని కాదు, చలిజరం.
గోదారి ఒడ్డున కట్టెలు తడిసి ఎంతకూ అంటుకోలే.
బూట్లు మాత్రం కాలబెట్టలే.
కొత్త అడుగుతోలు ఏయమని నా ముందట పడేసిండ్రు.
లోపల చెయ్యి పెట్టిన.
సల్లగ, మెత్తగ.
ఇరవై కుట్ల కాడ నలభై ఏసిన, ఎవ్వలికోసమో.
వాటిని తొడిగినోనికి ఎనిమిది రోజులు పొక్కులు.
ఆ బూటు ఇంకా పాత నడకనే నడుస్తుండె.

ఎండలు ముదిరినంక కాజీపేటల మళ్ల రైలెక్కిండ్రు.
నూటా తొమ్మిది మంది.
స్టోరు బాబు ప్లాట్‌ఫారం మీద రెండుసార్లు లెక్కపెట్టిండు,
బూట్లు తక్కువ రాలే.
నాకు ఓ చిట్టి రాసిచ్చిండు,
ఏముందో చదివించుకోలే, చూర్ల చెక్కిన.
వానకు ఉబ్బి పిండయింది.

తిర్మలాలు సంగతంటరా,
కొందరు చెరసాల అన్నరు, కొందరు అడివి అన్నరు.
పత్తిపాక దిక్కు పని పడ్డా
నేను సుట్టు తిరిగి పోయేది.
వాళ్ల ఇంట్ల ఆడిబిడ్డ వాకిట్ల కూసుంటదని ఎరుక.
సగం జొన్నలు ఇంకా రావాలె.
అడుగ పోలే.